మధ్యమాట

కొత్తమిట్ట ఊరి పొయ్యి, రోజువారీ రాత

మఖ కార్తె, మొదట్లో

ఇవాళ ఉప్పువరి గంజి, నాచు పచ్చడి. మబ్బు పట్టి సోలార్ పొయ్యి మొరాయించింది. పిడకల మీద వండాను. తినడం అందరూ తిన్నారు, బాగుందన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఈ పుస్తకంలో ఏం వండానో, ఎంత మిగిలిందో మాత్రమే రాయాలని పంచాయతీ ఉత్తర్వు. రాసింది ఎవరూ చదవడం లేదని తెలిశాక నాకు తోచింది కూడా రాస్తున్నాను. నా పేరు వీరవేణి. కోనసీమ మునిగాక ఈ గట్టు మీద కట్టుకున్న ఊరికి రెండు పూటలా వండిపెట్టేది నేనే.

అటక మీంచి వెదుళ్ళు దింపించాను. పురుగు పట్టినవి వేరు చేసి, కొబ్బరితాళ్ళు నానబెట్టాను. చిత్త, స్వాతి కార్తెల్లో సముద్రం ఊళ్ళోకి వస్తుంది. కొన్నాళ్ళుండి పోతుంది. దాన్ని రాక అంటాం, చుట్టం వచ్చినట్టు. అది వచ్చేలోగా ప్రతి ఇంట్లోనూ మంచె కట్టి, మనుషులూ బియ్యం డబ్బాలూ కోళ్ళూ దాని మీదికి ఎక్కాలి. మంచె ఎంత ఎత్తున కట్టాలన్నదే మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క రాజకీయం.

పంచాయతీ అరుగు మీద కొలతగుంజ ఉంది. దాని మీద కింద నుంచి మడమ, మోకాలు, నడుము, రొమ్ము, గొంతు, నెత్తి అని గీతలుంటాయి. ఎవరిని నిలబెట్టి గీశారో గానీ బాగా పొడుగు మనిషి, మా ఆయనంత. నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఒక పక్క నీటి మేడమ్ చెబుతుంది. ఇంకో పక్క జనం తరఫు మనిషి చెబుతాడు. రెండూ విని ప్రెసిడెంటు మధ్య తీస్తాడు. అదే మధ్యమాట. ఆ ఎత్తుకి సరిపడా వెదుళ్ళే ఇంటింటికీ పంచుతారు.

ఈ ఏడు కూడా జనం తరఫు మనిషి మా ఆయనే. నూకరాజంటే ఊరందరికీ ఇష్టం. నాకు తప్ప, అని అతని ముందు అంటుంటాను.

మఖ, ముసురు పట్టిన రోజు

పీతల పులుసు. అందుకే గిన్నె నాకి మరీ వెళ్ళారు.

అందరూ తిని వెళ్ళాక పంపావతిగారు వచ్చారు. నీటి మేడమ్ అసలు పేరు అదే. రాయలసీమ మెట్ట నుంచి వచ్చిన పొట్టి మనిషి. నీటి పోకడ కొలవడానికి సముద్రంలో తేలే గుండ్లూ తీగలూ పెట్టుకుని, ఒడ్డున ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. ఈత రాదు. ఆ సంగతి మీద ఊళ్ళో చాలా నవ్వుకున్నారు.

పులుసు ముట్టకుండా కూర్చుంది.

“వేణమ్మా, ఈయేడు గొంతు” అంది.

“మీది ఎప్పుడూ గొంతే కదండీ. తినండి, చల్లారిపోద్ది.”

“పోయినేడు, ముందటేడు నేను అబద్ధం చెప్పినా.”

గరిటె పక్కన పెట్టాను.

ఆవిడ చెప్పింది ఇది. ఊరికి వచ్చిన మొదటి ఏడు లెక్కలో నడుము వచ్చింది. నడుమనే చెప్పింది. జనం మడమ అన్నారు. మధ్యమాట మోకాలయింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. దిగువ వరసలో పసిబిడ్డ పోయింది, ఆ సంగతి నాకూ గుర్తే. తర్వాతి రెండేళ్ళూ లెక్కలో నడుమే. కానీ జనం మడమే అంటారని తెలుసు కాబట్టి ఆవిడ గొంతు అంది. మధ్య తీస్తే సరిగ్గా నడుము వచ్చింది. నీళ్ళూ అంతే వచ్చాయి. ఒక్క కోడి కూడా తడవలేదు.

ఆ రెండేళ్ళూ ఊరు ఎంత మురిసిపోయిందో! మేడమ్ గొంతంది, తప్పు. మనం మడమన్నాం, మనదీ తప్పే. మధ్యమాట మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా నిజమైంది. ప్రెసిడెంటు బసివిరెడ్డి మీసం దువ్వుకుని, “ఎవరి మాటా పూర్తిగా నమ్మకూడదండీ, నిజం ఎప్పుడూ మధ్యలోనే ఉంటది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

“ఈయేడు లెక్కలోనే గొంతు వచ్చింది” అంది పంపావతిగారు. “నేను నెత్తి అన్నా, మీవాళ్ళు మడమంటే మధ్య రొమ్ము దాకా కూడా రాదు. గుంజ మీద నెత్తికి పైన ఇంక గీత లేదు గదా. నేను ఎక్కేదానికి చోటు అయిపోయింది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నెత్తిన పెట్టుకుని చూసుకున్న మనిషి రెండేళ్ళు మమ్మల్ని బేరంలో పెట్టిందా అనిపించింది. ఆ మాటే అన్నాను. ఆవిడ తల దించుకుంది.

“మరి ఇప్పుడు మాత్రం ఎలా నమ్మమంటారండీ?”

“నా మొగం చూసి నమ్మొద్దు. బందరు దిక్కున ఒకాయన ఉన్నాడు, సముద్రం చదివేటాయన. ఆయనకూ నాకూ పడదు. నేను ఏం చెప్పినా యాడ తప్పు దొరుకుతాదా అని చూస్తాంటాడు. ఈయేడు ఆయన గుండ్లు వేరే, లెక్క వేరే. ఆయనకూ గొంతే వచ్చింది. ఇట్లాంటోళ్ళు తీరం పొడుగునా ఇంకా ఉన్నారు. ఎవరి లెక్క వాళ్ళే కట్టుకున్నారు. అందరిదీ ఒకటే మాట.”

నాకు సముద్రం లెక్క తెలియదు. కానీ పడనివాళ్ళు ఒక మాట మీదికి రావడమంటే ఏమిటో తెలుసు. నా తోటికోడలూ నేనూ ఇన్నేళ్ళలో ఒకే మాటన్నది ఒక్కసారి, మా మావగారికి జ్వరం ముదిరిందని. అది అబద్ధమైతే బాగుండునని ఇద్దరం అనుకున్నాం. కాలేదు.

నేను నమ్మాను. ఆవిడ పులుసు తినకుండానే వెళ్ళిపోయింది.

పుబ్బ కార్తె

గంజి, ఉప్పుచేప. మిగిలింది లేదు.

మా ఆయనకి చెప్పాను. అబద్ధం సంగతి చెప్పలేదు. అది ఎత్తు ఖరారు చేసే కొలువులో, ఊరందరి ముందు తానే చెబుతానంది మేడమ్. ఈ ఏడు ఆవిడ మాట నిజమని మాత్రం అన్నాను.

“నాదేముందే, ఇంటింటికీ వెళ్ళి అడుగుతాను. ఆళ్ళు ఒంటి మీద ఎక్కడ చెయ్యి పెడితే నేనూ అక్కడే పెడతాను” అన్నాడు.

“నువ్వు చెప్తే వింటారు కదయ్యా.”

“నేను చెప్పకూడదే. చెప్తే నేను జనం మనిషినెలా అవుతాను?”

తాడు పేనుతూ అన్నాడు. “లెక్కలోళ్ళు చెప్పారనే కదా అమ్మని మెట్ట క్యాంపుకి మోసుకెళ్ళాను. ఆ ఏడు చుక్క నీరు రాలేదు ఊళ్ళోకి. అమ్మ ఆ క్యాంపులో విరేచనాలు పట్టి పోయింది. చెప్పినోడు ఎక్కడున్నాడో కూడా తెలీదు నాకు.”

మా అత్తగారే కాదు, ఆ క్యాంపులో చాలామంది పోయారు. అప్పుడు పుట్టిందే మధ్యమాట. పూచీమంచె కూడా అప్పుడే పుట్టింది. మాట చెప్పిన ఇద్దరూ, మేడమ్ ఒకరు, జనం మనిషి ఒకరు, సముద్రం వైపు చివర్న, ఖరారైన ఎత్తున కట్టిన మంచె మీద రాక అయ్యేదాకా కూర్చోవాలి. చెప్పినవాళ్ళూ మాతోపాటు మునగాలన్నది ఊరి పంతం. తప్పని నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

ఉత్తర కార్తె, కొలువు జరిగిన రోజు

పులిహోర చేశాను, కొలువు కాబట్టి. సగం మిగిలిపోయింది.

పంపావతిగారు గుంజ పక్కన నిలబడి గొంతు మీద చెయ్యి పెట్టింది. జనంలోంచి నవ్వు. తర్వాత ఆవిడ అంతా చెప్పేసింది. మొదటి ఏడు చెప్పింది నిజమనీ, తర్వాత రెండేళ్ళూ మధ్య సరిగ్గా రావడానికి ఎక్కువ చేసి చెప్పాననీ, ఈ ఏడు ఒక్క వేలు కూడా ఎక్కువ వెయ్యలేదనీ.

“ఈ ఒక్కయేడు మధ్య తియ్యొద్దండి” అని చేతులు జోడించింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుపులు లేచాయి. దిగువ వరస మంగతాయారు అందరికంటే ముందు లేచింది. పోయిన బిడ్డ ఆవిడ మనవరాలే.

“అంటే మమ్మల్ని రెండేళ్ళు ఎర్రోళ్ళని చేశారన్నమాట! సేపల బజార్లో కూడా ఇంత బేరం ఆడరండీ.”

“ఆ రెండేళ్ళూ మీ ఇంట్లో ఎవురూ మునగలేదమ్మా.”

“మునక్కపోడం మధ్యమాట వల్లండీ, మీ వల్ల కాదు!”

నేను లేచి, “ఆవిడ మధ్యమాటని సరిచేసింది తాయారూ” అన్నాను. “నువ్వు గిన్నెలు చూసుకో వేణీ” అన్నారు ఎవరో వెనక నుంచి. నవ్వులు.

బసివిరెడ్డి చెయ్యెత్తి ఆపాడు. చెడ్డవాడు కాదు. న్యాయంగా ఉండాలన్న తాపత్రయం మరీ ఎక్కువ. “మేడమ్‌గారు దాచకుండా చెప్పారు, అందుకు మెచ్చుకోవాలండి. ఆరే ఒప్పుకున్నారు కదా, గొంతంటే నడుమని. మరి ఈ ఏడు గొంతుని కూడా నడుముగానే వేసుకుందాం. అదీ న్యాయం.”

“అట్ల కాదయ్యా!” అని పంపావతిగారు అరిచింది. ఆవిడ అరవగా వినడం అదే మొదలు.

మా ఆయన లేచి మడమ తాకాడు. ఇంటింటికీ తిరిగి తెచ్చిన మాట అదే. నడుముకీ మడమకీ మధ్య మోకాలు. బసివిరెడ్డి గుంజ మీద మోకాలి గీతకి గుడ్డ కట్టాడు.

నిజం చెప్పినందుకు మంచె ఇంకా కిందికి దిగింది. అబద్ధమే చెప్పి ఉంటే కనీసం నడుమైనా వచ్చేది.

హస్త కార్తె

ఉలవచారు, గంజి. ఇద్దరి కూడు వేరే కట్టాను.

పూచీమంచె ఎక్కించారు. మోకాలి ఎత్తు. బసివిరెడ్డి స్వయంగా కొలిచాడు. ఒక కొసన మా ఆయన వల అల్లుకుంటూ, ఇంకో కొసన పంపావతిగారు ఒళ్ళో చిన్న యంత్రం పెట్టుకుని. కొత్తగా కాపరానికొచ్చిన జంటలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. క్యారేజీ ఇచ్చి ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వింది. మా ఆయన నవ్వలేదు.

దారిలో దిగువ వరస ఇళ్ళ మంచెలు చూశాను. పీట మీద పీట వేసినంత ఎత్తు. పిల్లలు దూకి ఆడుకుంటున్నారు.

హస్త, ఇంకో రోజు

మా ఆయన ఆవిడని తప్పు పట్టుకోవాలని పొద్దస్తమానం ప్రశ్నలు వేస్తున్నాడట. క్యాంపు ఏడు సంగతి కూడా అడిగాడట. ఏదో సాకు చెబుతుందనుకున్నాడు.

“ఆ ఏడు ఆళ్ళ లెక్క తప్పేనందే వేణీ” అన్నాడు గంజి తాగుతూ. “గాలివాన చివర్న మళ్ళిపోయిందంట. అప్పట్లో సముద్రంలో గుండ్లు చాల్లేవంట. ఆ తప్పయ్యాకే ఇయన్నీ దింపారంట. మీ అమ్మకి నేను ఏం చెప్పినా చాలదు అంది.”

ఆవిడ వింటోంది.

“ఇంకోటి చూశావా. తెలీనిచోట తెలీదంటది. నీళ్ళు ఏ పూట వత్తాయంటే తెలీదంది. ఎన్నాళ్ళుంటాయంటే తెలీదంది. అలలెంత లేత్తాయంటే తెలీదంది. ఎంత ఎత్తంటే మాత్రం గొంతంది. మనోళ్ళలో ఒక్కడైనా తెలీదన్నాడేమో చెప్పు.”

నాకు ఆ మంచె మీదే కూలబడి ఏడవాలనిపించింది. కొలువుకి ముందు ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. మేం మాత్రం మాట ఖరారయ్యాకే కూర్చోబెడతాం.

హస్త, చివర్లో

వంట ఏం చేశానో గుర్తులేదు.

మా ఆయన మంచె దిగి ఇంటింటికీ వెళ్ళాడు. గొంతు ఎత్తుకి కట్టుకోండని బతిమాలాడు. వెదుళ్ళు చాలకపోతే తలుపులు ఊడదీసి కట్టుకోమన్నాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంగతాయారు మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. “అన్నయ్యా, నువ్వు మంచోడివి. ఇన్ని రోజులు ఆవిడ పక్కన కూకున్నావు కదా, ఆవిడ మాటే నీకూ ఒంటబట్టింది. నువ్విప్పుడు మా మనిషివి కాదులే” అంది. ఎంత ప్రేమగా అందంటే, ఇంటికొచ్చి అది చెబుతూ మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

తెలియనంతకాలం అతని మాట ఊరి మాట. తెలుసుకున్న రోజున పరాయివాడయ్యాడు.

“ఇంక మంచె మీదికి వెళ్ళకయ్యా” అన్నాను. “ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి.”

“ఆవిడ దిగితే లెక్క చెప్పే లైసెన్సు పోద్ది, దిగనంటంది. ఆ మోకాలెత్తు మంచె మీద ఆవిడ్ని కూకోబెట్టింది మడమ తాకిన నా చెయ్యే కదే. ఒక్కదాన్నీ ఎలా వదిలేత్తాను?”

నేను వండే పొయ్యిల శాలలో కప్పుకి దగ్గరగా, గొంతు గీతకి పైన, నేనే మంచె కట్టించాను. పొయ్యి కోసం ఉంచిన వెదుళ్ళన్నీ వాడేశాను. బసివిరెడ్డి వచ్చి, ఇది మధ్యమాటని అవమానించడమన్నాడు. నా గిన్నెలు ఎక్కడ పెట్టుకోవాలో నా ఇష్టమన్నాను. ఊరంతా వచ్చి చూసి నవ్వుకుంది. నవ్వుకోనీ, దారి తెలుస్తుంది అనుకున్నాను.

చిత్త కార్తె

వంట లేదు.

పొద్దున్నే గాలి మొదలైంది. ముందు మడమ దాకా వచ్చి చాలాసేపు ఆగింది. ఊళ్ళో ఈలలు, కేకలు. “జనం మాటే గెలిచింది” అని ఎవరో డప్పు కూడా కొట్టారు. తర్వాత మోకాలు. ఇక్కడ ఆగుతుంది చూడండి అని బసివిరెడ్డి వీధిలో నిలబడి చెబుతున్నాడు. చెబుతుండగానే అతని నడుము తడిసింది.

తర్వాత జనం పొయ్యిల శాలకి పరుగెత్తుకొచ్చారు. ఈదగలిగినవాళ్ళు ఈదారు. పిల్లల్ని గుండిగల్లో కూర్చోబెట్టి లాక్కొచ్చారు. మంచె మీద చోటు చాలక కప్పు కమ్మలు చీల్చి పైకి ఎక్కించాం. దిగువ వరసలో కొన్ని ఇళ్ళ నుంచి ఎవరూ రాలేదు. మంగతాయారు వచ్చింది. ఆవిడ కొడుకు రాలేదు.

నేను సముద్రం వైపే చూస్తూ ఉన్నాను. పూచీమంచె కనబడలేదు. వీధిలో నీళ్ళ వడికి అటు వెళ్ళగలిగినవాడు లేడు. నూకరాజూ అని అరిచాను. పెళ్ళయ్యాక మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

సాయంత్రానికి వచ్చాడు, ఒక వెదురు పట్టుకుని. ఒక్కడే.

“మంచె ఊడిపోయాక నేల మీద నిలబడ్డాను. నా భుజాల మీదే ఉంది వేణీ” అన్నాడు. “నీళ్ళు నా గొంతు దాకానే వచ్చాయి. ఆవిడ చెప్పినంతే, వేలు కూడా ఎక్కువ కాదు. కాసేపు నిలబడ్డాం అలాగే. నాకు భయమేసి ఇంకెంతొస్తాయండీ అని అడిగాను. ఇంతే, ఇంక పెరగవు అంది. పెరగలేదు. అల వచ్చింది. అలల సంగతి తెలీదని ముందే చెప్పింది కదా.”

నేను బతికిన మొగుణ్ణి పట్టుకుని ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. ఆవిడ కోసం ఏడుపు తర్వాత వచ్చింది. అలా రావడం నాకు సిగ్గుగానే ఉంది, కానీ అలాగే వచ్చింది.

స్వాతి కార్తె

గంజి. ఉప్పు వెయ్యక్కర్లేదు, అన్నిట్లోనూ ఉంది.

నీళ్ళు తీశాక మడ చెట్ల దగ్గర దొరికింది పంపావతిగారు. నీళ్ళు కొలతగుంజ మీది గొంతు గీత దాకా వస్తే ఆవిడ నెత్తి కూడా మునిగిపోయేంత పొట్టి మనిషి. మెట్ట నుంచి ఎవరూ రాలేదు. మా వాళ్ళతో పాటే మట్టి చేశాం. ఊరంతా వచ్చింది. బసివిరెడ్డి గుంత తవ్వుతుంటే ఎవరూ ఆపలేదు.

మంగతాయారు అన్నం ముట్టడం లేదు. నేనే వెళ్ళి ముద్దలు కలిపి పెట్టాను. “నాకెందుకు అర్థం కాలేదు వేణీ?” అని అడిగింది. తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఇంకో ముద్ద కలిపి పెట్టాను.

మూల కార్తె

చారు అన్నం.

కొత్త మేడమ్‌నో సారునో పంపమని మా ఆయన రేడియోలో లెక్కలవాళ్ళని అడిగాడు. చెప్పినవాళ్ళని పూచీమంచె ఎక్కించే ఊళ్ళకి ఇకమీదట ఎవరినీ పంపేది లేదన్నారు. పూచీమంచె తీసేస్తామన్నాడు. తీసేసి కొన్నేళ్ళు గడిచాక చూద్దామన్నారు. పోనీ, నీరు ఎంత వస్తుందో అక్కడి నుంచే చెప్పండని బతిమాలాడు. చోటుచోటుకీ నీరు వేరు, అక్కడ చదివే మనిషి లేకుండా చెబితే అది గుడ్డి లెక్క అవుతుంది, అలాంటిది మేం చెప్పం అన్నారు. మాట్లాడింది బందరు దిక్కు ఆయనేనట. ఆవిడ పేరు చెప్పగానే, ఎలా పోయిందో మళ్ళీ మళ్ళీ అడిగాడట ఆయన.

ఉత్తర కార్తె, మరుసటి ఏడు కొలువు

పులిహోర చెయ్యలేదు. ఎవరూ అడగలేదు.

గుంజ పక్కన మేడమ్ నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఈసారి గోల లేదు, నవ్వుల్లేవు. ఊరంతా వినడానికే వచ్చింది. బసివిరెడ్డి అలవాటు కొద్దీ, “మేడమ్‌గారి మాట” అని, ఆగిపోయాడు.

మంగతాయారు లేచింది. “నూకరాజన్నయ్యా, నువ్వు చెప్పు. ఆవిడ దగ్గర అన్ని రోజులు కూకున్నావు కదా. ఆవిడుంటే ఈ ఏడు ఎంతనేది?”

అందరూ అతని వైపు తిరిగారు. ఇంతమంది ఇంత ఆశగా ఒక మనిషిని చూడడం నేను ఎరగను. మా ఆయన లేచాడు. చెయ్యి పైకెత్తాడు. నడుము దగ్గర కాసేపు, రొమ్ము దగ్గర కాసేపు ఆగింది ఆ చెయ్యి. తర్వాత దించేశాడు.

“ఆవిడ చెప్పింది నిజమని నాకు తెలుసు. ఎలా చెప్పిందో నాకు తెలీదు” అన్నాడు. “నాకు తెలీదండీ.”

ఎవరికో తట్టింది, ఆవిడ గది చూద్దామని. గది ఎత్తు గుంజల మీద ఉంది కాబట్టి మునగలేదు. అందరం వెళ్ళాం. గోడ మీద పెద్ద అద్దం పలక వెలుగుతోంది. దాని మీద సన్నటి గీతలు, రంగురంగులవి, ఆగకుండా నడుస్తున్నాయి. సముద్రంలో ఆవిడ దింపిన గుండ్లు ఇంకా కబురు పంపుతున్నాయి. ఈ ఏడు మా ఊళ్ళోకి ఎంత నీరు వస్తుందో అక్కడే ఉంది, మా మొహాల ముందే.

గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

“నీలం గీత పైకెళ్తంది, చూడండి” అన్నాడొకడు.

“నీలానిదేముంది, ఎర్రది చూడాలి. కిందికి దిగుతంది” అన్నాడు ఇంకొకడు.

నీలమంటే నీరు, కాదు నీలమంటే గాలి, ఎరుపు పోయినేటిది, కాదు ఈ ఏటిదే. గది నిండా మాటలు లేచాయి. మంగతాయారు కూడా వేలు పెట్టి ఏదో చూపిస్తోంది. మా ఆయన గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. నేను “తెలియదని ఒప్పుకోండర్రా” అని అరిచాను. విన్నారో లేదో తెలియదు.

చివరికి బసివిరెడ్డి చెయ్యెత్తాడు. గొంతు అన్నవాళ్ళెందరో, మడమ అన్నవాళ్ళెందరో అడిగాడు. చేతులు లేచాయి.

మధ్య తీశాడు.

నేను వచ్చి, మళ్ళీ కప్పు దగ్గర మంచె కట్టడానికి అటక మీంచి వెదుళ్ళు దింపడం మొదలుపెట్టాను.